నోట్లో కరిగేంత టీ

మా ఇంట్లో ఎవరు ఫ్రిజ్ తలుపు తీసినా నాకు వినిపిస్తుంది. పేపరు చదువుకుంటున్నా, పెరట్లో బట్టలు ఆరేస్తున్నా, గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నా, ఆ రబ్బరు అంచు విడిపడే చిన్న చప్పుడుకు చెవి అటే పోతుంది. కుళాయి విప్పినా అంతే. నీళ్ళు గిన్నెలో పడుతున్నాయా, గ్లాసులో పడుతున్నాయా, చేతులు కడుక్కుంటున్నారా అన్నది హాల్లో కూర్చునే చెప్పగలను. భయం నేర్పిన విద్య ఇది.

మా ఆవిడకు కిడ్నీలు పనిచేయడం మానేశాయి. మంగళ, గురు, శనివారాల్లో బందరులోనే డయాలసిస్‌కు తీసుకువెళ్తాను. మధ్య రోజుల్లో తాగిన నీళ్ళకు బయటికి పోయే దారి లేదు. ఒంట్లోనే నిలబడిపోతాయి. ముందు పాదాలు పొంగుతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. అందుకని పొద్దున్నే ఒక చిన్న సీసాలో ఆమె నీళ్ళు పట్టి బల్ల మీద పెడతాను. మందులకైనా, గొంతు తడుపుకోవడానికైనా అందులోవే. చారు పోసుకుంటే ఆ మేరకు సీసాలోంచి తీసేయాలి. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైంది. బడి నుంచి రాగానే చెప్పులు విప్పకుండా చెంబెడు నీళ్ళు గటగటా తాగే మనిషి. ఇప్పుడు ఆ సీసా వైపు రోజంతా చూస్తూ, చూడనట్టు నటిస్తూ ఉంటుంది. నేనూ అటు చూడనట్టే నటిస్తాను.

కిందటి ఎండాకాలం రోహిణీ కార్తెలో గాలి పూర్తిగా స్తంభించింది. సముద్రం పక్కనే ఉన్నా మా ఊళ్ళో ఆ రోజుల్లో ఆకు కదలదు. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. మామూలు మనుషులే కుండ దగ్గర నుంచి కదలలేని ఉక్కలో ఆమె నాలుక బయటపెట్టి చూపించేది, చెక్కముక్కలా పొడిగా ఉండేది. డయాలసిస్ సెంటర్లో ఆమె పక్క బెడ్ ఒక గాజుల కొట్టు భాయ్‌ది. వాళ్ళిద్దరికీ ఒకే వేళ. గొట్టాలు తగిలించుకుని నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కనుక కబుర్లే కాలక్షేపం.

ఒకరోజు ఆయన అడిగాడు. "చెల్లెమ్మా, దాహానికి ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తాను భాయ్ గారూ, మీ బావగారిని తిడుతున్నా."

"తిడితే నోరు ఇంకా ఎండుతుంది కదమ్మా!" అని ఆయన నవ్వాడు. "మా ఇంట్లో చాయ్‌ని ఐసు చేస్తారు. పాలు వద్దు. చెక్క, లవంగం, యాలక్కాయ వేసి కాచి, వడగట్టి, ట్రేలో పోసెయ్యడమే. ఒక్క ముక్క బుగ్గన పెట్టుకుంటే చాలాసేపు నీళ్ళ మాట రాదు."

"టీ తాగినట్టు ఉంటుందా మరి?"

"తాగినట్టు ఉండదు. తాగేవాళ్ళని చూస్తే కోపం రాదు, అంతే."

డాక్టర్‌ని అడిగాను. చెయ్యొచ్చు, కానీ ఐసు కూడా నీళ్ళే, మర్చిపోవద్దు అన్నాడు. ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

మొదటిసారి, ఇంట్లో రోజూ కాచినట్టే టీపొడి వేసి తెర్లనిచ్చాను. గడ్డకట్టాక అది కషాయం అయింది. ఒకటి నోట్లో పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంది. "ఏమండీ, ఇది టీనా, నా మీద పగా?" అంది. మరుసటి రోజు మసాలా దినుసులు విడిగా మరిగించి, పొయ్యి కట్టేశాక టీపొడి చల్లి, రంగు దిగగానే వడగట్టాను. చేదు పోయింది. అయితే ఫ్రీజర్లో ఏ మూలనో ఉన్న ఇంగువ పొట్లం వాసన ట్రే మొత్తానికి పట్టింది. మూత ఉన్న ట్రే కొన్నాక ఆ బాధ తప్పింది. చల్లబడితే యాలకుల వాసన ముడుచుకుపోతుంది, అల్లం ఘాటు మాత్రం తగ్గదని తెలిసింది. లవంగం ఒకటి ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది. పంచదార ఎక్కువైతే దాహం తీరకపోగా పెరుగుతుంది. ఇవన్నీ కుదిరాక ఒకనాటి మధ్యాహ్నం ఆమె బిళ్ళను బుగ్గన పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అది కరిగే దాకా మాట్లాడలేదు. కరిగాక, "ఇది టీ" అంది.

ఆ రోజు నుంచి అవి మా ఇంట్లో బిళ్ళలు. మందుబిళ్ళలు వేరే, బిళ్ళలు వేరే. ఒక బిళ్ళ ఇస్తే సీసాలోంచి ఒక చెంచాడు నీళ్ళు తీసేసేవాణ్ణి. ఆమె ఆ తీసేయడాన్ని చూస్తూ ఉండేది.

ఆ కార్తెలోనే మా వదినగారు వచ్చింది. ఆమె మా ఆవిడకు అక్క, నాగాయలంక దగ్గర పల్లెలో ఉంటుంది. దివిసీమ నుంచి ఎప్పుడు వచ్చినా గోనెసంచిలో కొబ్బరి బోండాలు తప్పవు. ఈసారి బస్సు కండక్టరు సంచికి కూడా టికెట్టు తీసుకోమన్నాడట. "నా కాయలకి టికెట్టేంటయ్యా, అవేమన్నా సీట్లో కూర్చున్నాయా?" అని అడిగానంది. ఆమె సంచి దించుతుండగానే ఎదురెళ్ళాను. వెంటనే చెప్పేశాను.

"వదినగారూ, కొబ్బరి నీళ్ళు మాత్రం ఇవ్వకూడదండీ. డాక్టరు గట్టిగా చెప్పాడు. చెంచాడు కూడా."

"నాకు తెలీదా ఏంటి మరిదిగారూ? మీరు తాగండి. మా చెల్లికి ఇవ్వను."

కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అదే మేలు. కిడ్నీలు పనిచేయని వాళ్ళకు అది ఒంట్లోనే పేరుకుని గుండె మీదికి వస్తుంది. నొప్పి కూడా తెలియకుండా గుండె ఆగిపోవచ్చని డాక్టర్ మొదటి వారంలోనే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ నిద్రపోతున్న ఆవిడ పొట్ట పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూడటం నాకు అలవాటైంది.

ఆ శనివారం డయాలసిస్ అయ్యాక నేను గుడివాడ వెళ్ళక తప్పలేదు. నాతో ఒకే ఆఫీసులో పనిచేసిన మిత్రుడు పోయాడు. ఆదివారం పెద్దకర్మ. రాత్రికి వాళ్ళింట్లో ఉండమని ఆయన భార్య అడిగింది. శనివారం నుంచి మంగళవారం దాకా సెంటర్‌కు వెళ్ళని రోజులే డయాలసిస్ వాళ్ళకు గడ్డు రోజులు. అయినా ఇంట్లో వదినగారు ఉంది. ట్రే నిండా బిళ్ళలు చేసి పెట్టాను. నీళ్ళ సీసా ఎలా చూసుకోవాలో చెప్పాను. అరటిపండు వద్దు, ఊరగాయ వద్దు అని మళ్ళీ చెప్పాను.

"వెళ్ళిరండి" అంది మా ఆవిడ. "నేనేమీ కరిగిపోను."

గుడివాడలో వచ్చిన వాళ్ళందరికీ మంచినీళ్ళు అందిస్తున్నారు. స్టీలు గ్లాసులు ఎత్తి ఎవరికి వాళ్ళు గొంతులో పోసుకుంటుంటే, వాళ్ళు ఎంత తాగుతున్నారో నా కళ్ళు కొలుస్తున్నాయి. సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. కరెంటు పోయి వచ్చిందనీ, ఐసు కరిగితే పారబోసి కొత్తగా చేశాననీ వదినగారు చెప్పింది. "మీరేమీ దిగులు పెట్టుకోకండి. మీకన్నా బాగా చేశా. హాయిగా చప్పరిస్తోంది." పొద్దున ఫోన్ చేసినా అదే మాట. మనసు మాత్రం కుదుటపడలేదు. కారణం అడిగితే చెప్పలేను. పెద్దకర్మ భోజనాలు మొదలు కాకముందే చెప్పి బయలుదేరి బస్సెక్కాను. పెడన దాటేవరకూ ఊరికే ఫోను తీసి చూస్తూ ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆవిడ మంచం మీద ఒరిగి కూర్చుని ఉంది. మొహం ప్రశాంతంగానే ఉంది.

"ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నా. కాళ్ళే కొంచెం బరువుగా ఉన్నాయి. అక్క బిళ్ళలు రుచి చూడండి, మీరు సిగ్గుపడతారు."

వదినగారు ట్రే తెచ్చి పెట్టింది. సగం గళ్ళు ఖాళీ. ఒకటి నోట్లో వేసుకున్నాను. ముందు అల్లం తగిలింది, తర్వాత మిరియం. అది కరుగుతుంటే అడుగున ఒక మెత్తటి తీపి వచ్చింది. పంచదార తీపి కాదది. మా ఇంట్లో బెల్లం వాడము. ఆ తీపి ఎక్కడిదో నాలుకకు తెలిసింది కానీ మనసు ఒప్పుకోలేదు.

"వదినగారూ, ఇందులో ఏం నీళ్ళు పోశారు?"

"కొబ్బరి నీళ్ళే."

ఆమె నా మొహం చూసి కంగారుపడింది.

"ఉత్త నీళ్ళతో కాస్తే బలం ఏముంటుంది చెప్పండి! చలవ చేస్తుందనే కదా డాక్టరు వద్దన్నాడు? అందుకే పచ్చివి పొయ్యలేదు. అల్లం, మిరియాలు దంచివేసి సగానికి సగం మరిగించా. చలవంతా ఇరిగిపోయింది. పిల్లకి నెమ్ము చేస్తుందని నాకు మాత్రం తెలీదా?"

ఆమె లెక్క ఆమెకు సరిపోయింది. మా వైపు ఏది వద్దన్నా వేడి అనో చలవ అనో వద్దంటారు. వేడికి మజ్జిగ, చలవకు మిరియం. డాక్టర్ మాట కూడా ఆమె చెవిలో అలాగే పడింది. సగానికి మరిగించడం వల్ల పొటాషియం ఎక్కడికీ పోలేదు, చిక్కబడింది. అది చెప్పేంత తీరిక అప్పుడు లేదు.

సెంటర్ ఆదివారం మూత. అక్కడి సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఆమె సగం మాటలోనే ఆపింది. "సార్, మాట్లాడుతూ కూర్చోకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళి ముందు ఈసీజీ తీయించండి, పొటాషియం చూడమనండి. నేను మా డాక్టర్‌కి చెప్తా."

మా ఆవిడ మంచం దిగబోతే మోకాళ్ళు నిలవలేదు. నేనూ వదినగారూ చెరో వైపు పట్టుకుని ఆటో ఎక్కించాం. నా వేళ్ళు ఆమె మణికట్టు మీదే ఉన్నాయి. నాడి దొరికేది, గతుకుల్లో తప్పిపోయేది. మళ్ళీ వెతికేవాణ్ణి. ఆమె నా చేతిని చూసి, "పట్టుకోవడానికి అంత గట్టిగా నొక్కక్కర్లేదు" అంది. నవ్వాలనిపించలేదు.

ఆసుపత్రి గేటు ముందు ఎప్పుడూ ఉండేదే, ఆ రోజూ ఉంది. తోపుడు బండి నిండా బోండాలు. రోగుల తాలూకు మనుషులు గొట్టాలు వేయించుకుని లోపలికి తీసుకుపోతున్నారు. వదినగారు ఆటోలోంచి అటు చూసి, నా వైపు తిరిగింది.

"మరి ఇక్కడ అమ్ముతున్నారేంటి మరిదిగారూ?"

నేను ఆటో ఆపించి మా ఆవిడను దించుతున్నాను.

ఈసీజీ కాగితం పట్టుకుని డ్యూటీ డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగులో రెండోసారి చూసింది. ఆమె రెండోసారి చూడటం నాకు నచ్చలేదు. సూది వేయమని నర్సుకు చెప్పి మమ్మల్ని అడిగింది. "ఎంత తీసుకున్నారు?"

"ఐసు బిళ్ళలండీ" అన్నాను. "ట్రేలో సగం."

"బిళ్ళలే కాదు డాక్టరమ్మా" అంది మా ఆవిడ. గొంతు నీరసంగా ఉంది కానీ మాట తడబడలేదు. "ఇవాళ పొద్దున ఒక గ్లాసు తాగాను."

వదినగారు ఉలిక్కిపడింది. "ఓయమ్మో, నేనివ్వలేదండీ! ఒట్టు!"

"నువ్వివ్వలేదక్కా. ట్రేలో పట్టక గిన్నెలో మిగిలిందిగా. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే పోసుకున్నా."

"అది కొబ్బరి నీళ్ళని నీకు తెలుసా?" అని అడిగాను.

"మొదటి బిళ్ళకే తెలిసింది. మా ఊరి కాయ నాకు తెలీదా?"

డాక్టరమ్మ మా ముగ్గురినీ చూసి, ఇంకేమీ అడగకుండా ఫోన్ అందుకుంది. పొటాషియం ఉండాల్సిన దానికన్నా బాగా పెరిగిందనీ, ఆలస్యం చేయకుండా డయాలసిస్ పెట్టించాలనీ చెప్పింది. అదే ఆవరణలో మూసి ఉన్న సెంటర్‌ను ఆ సిస్టర్ వచ్చి తెరిచింది. మిషన్ సిద్ధం చేస్తున్నంతసేపూ నేను మా ఆవిడ గుండెకు తగిలించిన మానిటర్ తెర మీది గీతనే చూశాను. గీత లేస్తోంది, పడుతోంది. రెండింటి మధ్య ఖాళీ ఒక్కోసారి పెద్దదిగా అనిపించేది. నిజంగా పెద్దదో, నా కంటికే అలా ఉందో తెలియదు. తర్వాత మమ్మల్ని బయటికి పంపేశారు.

బల్ల మీద వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగు తీసి అంది. "చిన్నప్పుడు దీనికి ఆటలమ్మ పోస్తే, నోట్లో కూడా పొక్కులు. అన్నం పోయేది కాదు. నేనే దూదితో అద్ది అద్ది కొబ్బరి నీళ్ళు పోశా. దాంతోనే బతికింది మరిదిగారూ."

"తెలుసండీ. చెప్పింది."

"ఇప్పుడు అదే నీళ్ళు..." అని ఆగిపోయింది. అద్దం తలుపు అవతల ఎవరు కదిలినా ఇద్దరం లేచి నిలబడుతున్నాం. ఒకసారి సిస్టర్ పరుగున వెళ్ళినట్టు అనిపించి నేను తలుపు దాకా వెళ్ళాను. ఆమె వెళ్ళింది ఫ్యాను వేయడానికి.

చీకటి పడేలోగా మళ్ళీ రక్తం తీసి చూశారు. పొటాషియం దిగింది. గీత బాగుందన్నారు. లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. కోపం అప్పుడు వచ్చింది, అంతసేపూ ఎక్కడ దాక్కుందో.

"తెలిసి ఎందుకు తాగావు?"

ఆమె పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "చచ్చిపోదామని కాదు. అలా చూడకండి. మధ్యలో ఆపకుండా ఒక్క గ్లాసు తాగాలనిపించింది. గ్లాసు అడుగు చూసి ఎన్నాళ్ళైందో మీకేం తెలుసు?"

నేను ఆమె మీది దుప్పటి సర్దాను.

"ఇంకోసారి చెయ్యను. కానీ మీరు అక్కని ఒక్క మాట అంటే ఊరుకోను."

మంగళవారం భాయ్‌కు సంగతి అంతా తెలిసిపోయింది, సిస్టరే చెప్పింది. "చెల్లెమ్మా, నేను చాయ్ చెప్తే నువ్వు షర్బత్ చేశావా!" అని పక్క బెడ్ మీంచి ఒకటే గోల. ఆ రోజు మాతో వచ్చిన వదినగారు, మిగిలిన బోండాలు తిరిగి ఊరికి మోసుకెళ్ళడం ఇష్టం లేక ఎవరికైనా ఇవ్వాలని చూస్తోంది. భాయ్ మాటలకు ముచ్చటపడి, "ఈ బాబుగారికి పంపిద్దామా?" అని నన్ను మెల్లగా అడిగింది. మా ఆవిడ వినేసింది. "అక్కా, నన్ను పంపించబోయింది చాలదా, ఆయన్ని కూడా పంపిస్తావా?" వదినగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాయలు చివరికి మా వీధి చివర ఇస్త్రీ బండి వాళ్ళ పిల్లలు తాగారు.

వదినగారు ఊరికి వెళ్ళిన మర్నాడు పొద్దున నేను సీసాలో నీళ్ళు పడుతుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అది నాకివ్వండి. ఇవాళ్టి నుంచి నీళ్ళు నేనే పట్టుకుంటా. టీ కూడా నేనే కాచుకుంటా."

"నేను చేస్తున్నానుగా."

"మీరు చేస్తే అది మందు. చెంచాతో కొలిచి ఇస్తారు, నేను నోరు తెరుస్తాను. అందుకే దొంగతనంగా తాగాలనిపించింది. లెక్కలు చెప్పిన దాన్నండీ, నా లెక్క నేను చూసుకోలేనా?"

ఇవ్వనని చెప్పడానికి నా దగ్గర చాలా కారణాలు ఉన్నాయి. ఆ తెర మీది గీత ఒక్కటే చాలు. కానీ ఆమె చెయ్యి చాపి నిలబడింది. ఎప్పుడూ ఇంట్లోనే కాపలా కాయలేననీ, కాసినా ఆమె దాహం నాకు కనిపించదనీ అప్పటికి నాకూ తెలుసు. సీసా ఇచ్చాను.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆమె వంటింట్లో ఎత్తుపీట వేసుకుని కూర్చుని టీ కాచుకుంటుంది. నేను హాల్లో పేపరు పట్టుకుని కూర్చుంటాను. అల్లం దంచిన చప్పుడు, మూత పెట్టిన చప్పుడు, ట్రే గళ్ళలో టీ పోస్తున్న చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నిన్న టీ పోయడం అయిపోయాక కుళాయి మళ్ళీ విప్పింది. నీళ్ళు గ్లాసులోనే పడుతున్నాయి. ఆ మోత అడుగు నుంచి అంచుకు ఎక్కుతుంటే నేను పేపరు దించి లేచాను.

"గ్లాసు కడుగుతున్నానండీ" అని లోపలి నుంచి కేకేసింది. "కూర్చోండి."

కూర్చున్నాను. కాసేపటికి వచ్చి, అంతకు ముందురోజు గడ్డకట్టిన బిళ్ళ ఒకటి చెంచాలో పెట్టి నాకిచ్చింది. ఆమె బుగ్గన ఇంకొకటి ఉంది. ఇద్దరం ఫ్యాను కింద కూర్చుని వాటిని కరగనిచ్చాం. నేను చేసిన వాటికన్నా అల్లం ఎక్కువైంది. అడుగున ఏ తీపీ తగల్లేదు. అయినా గ్లాసు కడగడానికి అన్ని నీళ్ళు కావాలా అని, బిళ్ళ పూర్తిగా కరిగేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.